హన్మకొండలో చిన్న ప్లేట్ల రెస్టారెంట్‌కి ఎవరైనా వెళ్లారా? (బోటి, ఎర్రచీమల చట్నీ, పచ్చిపులుసు కాక్‌టెయిల్)

సుబేదారి
శనివారం రాత్రి 11:20

వడ్డేపల్లి చెరువు వైపు ఒక పాత పెంకుటింటిని బాగుచేసి పెట్టిన రెస్టారెంట్ గురించి రాస్తున్నాను. ఇక్కడ ప్రచారం కూడదు కాబట్టి పేరు రాయను, ఊళ్లో ఉన్నవాళ్లకు ఎలాగూ తెలుస్తుంది. నేను, మా ఆవిడ, మా బావమరిది, అతని భార్య, నలుగురం వెళ్లాం.

బిర్యానీ లేదు, తందూరీ లేదు. మెనూ అంతా ఒకటే కాగితం. అరచేతంత ప్లేట్లు, ఒక్కోదానిలో మూడు నాలుగు ముక్కలు. అన్నీ మధ్యలో పెట్టుకుని అందరూ పంచుకోవాలి. వంటగదికి అడ్డుగోడ తీసేశారు, వండేవాళ్లు, నిప్పులు అన్నీ కనిపిస్తుంటాయి.

మొదట మూలుగ బొక్క వచ్చింది. బొక్కను నిలువునా చీల్చి నిప్పుల మీద కాల్చి, పైన ఎండబెట్టిన చింతచిగురు పొడి, ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ చల్లారు. పక్కన కరకరలాడే జొన్నరొట్టె ముక్కలు. చిన్న చెంచాతో మూలుగ గీకి రొట్టె మీద రాసుకుని తినడమే. చింతచిగురు పులుపు తగలగానే ఆ కొవ్వు నోట్లో ఏ మాత్రం బరువనిపించలేదు. మా బావమరిది ఎవర్నీ అడక్కుండానే ఇంకోటి చెప్పేశాడు.

తర్వాత బోటి, అంటే మేక పేగులు. రూపాయి బిళ్లంత సర్వపిండి (బియ్యప్పిండి రొట్టె), దాని మీద బాగా గోలించిన బోటి, చిటికెడు పుంటికూర (గోంగూర) పచ్చడి. సర్వపిండిలో పల్లీలు, నువ్వులు పంటి కింద పడుతుంటే, బోటి మాత్రం మెత్తగా ఉంది. నల్ల (మేక రక్తం వేపుడు) కూడా చేశారు, ఎల్లిగడ్డ బాగా దట్టించి. మా ఆవిడ చిన్నప్పుడు నానమ్మ ఇంట్లో తిన్నదట, ఇన్నేళ్ల తర్వాత మళ్లీ ఇక్కడే తిన్నది.

ఎర్రచీమల చట్నీ మాత్రం నేను మొదటిసారి తిన్నాను. కాల్చిన కందగడ్డ ముక్క మీద కొంచెం పెట్టి ఇచ్చారు. నిమ్మకాయకు దగ్గరగా ఉండే పులుపు, కానీ ఇంకా సూటిగా, ముక్కు దాకా వెళ్తుంది. వెనకే కారం. కందగడ్డ తీపి లేకపోతే నేను రెండో ముక్క తీసుకునేవాడిని కాదు. తీసుకున్నాను.

తాగడానికి పచ్చిపులుసు కాక్‌టెయిల్. గ్లాసులో చూస్తే మంచినీళ్లే. నోట్లో పెట్టుకుంటే కాల్చిన పచ్చిమిర్చి, జీలకర్ర, చింతపండు, బెల్లం, అన్నీ ఉన్నాయి. చింతపండు పులుసు అంత తేటగా ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

బిల్లు నలుగురికి 7 వేల దాకా అయింది. అందులో సగానికి పైగా తాగినదానికే. నాకైతే నచ్చింది, మళ్లీ వెళ్తాను. వెళ్లినవాళ్లు మీ అభిప్రాయం రాయండి.


కాజీపేట జంక్షన్
శనివారం రాత్రి 11:52

నేను వెళ్లాను. నాకు నచ్చలేదు, ఎందుకో చెప్తాను.

మూడు ముక్కల బోటికి 340 రూపాయలు. ఆ డబ్బుతో బోటి తెచ్చి వండుకుంటే మా ఇంట్లో అందరం అన్నంలోకి తింటాం. రుచి బాగాలేదని అనను, బాగుంది. కానీ బోటి అంటే మన దగ్గర పేదోళ్ల ఇంటి కూర. మంచి మాంసం కొనలేనివాళ్లు బోటి, తలకాయ, కాళ్లు తెచ్చుకుని బతికారు. దాన్ని తీసుకొచ్చి బిళ్లంత సర్వపిండి మీద పెట్టి ఇంత రేటు పెడితే నాకు బాధనిపించింది. మేం అక్కడ తిని, దారిలో మళ్లీ బండి దగ్గర ఆగి ఇడ్లీ తినాల్సి వచ్చింది. కడుపు నిండకపోతే దాన్ని భోజనం అని ఎట్లా అంటారు?

ఇంకో మాట. ప్లేట్లన్నీ ఒకేసారి తెచ్చి పెట్టారు. మూలుగ చల్లబడితే గడ్డకడుతుంది, అది వాళ్లకు తెలియదా?


మోదుగాకు
ఆదివారం ఉదయం 7:35

కాజీపేట తమ్మీ, నువ్వు చెప్పిన బాధ నాకు అర్థమైంది. కానీ బోటి కొద్దిగా పెట్టడం మనకు కొత్త కాదు.

మా ఊళ్లో పండక్కి మేకను కోస్తే పోగులు వేసేవాళ్లు. తాటాకు చాప పరిచి, ఎన్ని వాటాలుంటే అన్ని కుప్పలు. మెత్తటి మాంసం, బొక్కలు ఎక్కువే వచ్చేవి. కానీ మేకకు కార్జం (కాలేయం) ఒకటే, తిల్లి (ప్లీహం) ఒకటే, గుర్దాలు (మూత్రపిండాలు) రెండే. అవన్నీ సన్నగా కోసి ప్రతి పోగులో తలా ఒక ముక్క వేయాలి, లేకపోతే పెద్ద గొడవ. ఆ కార్జం ముక్కను మా అమ్మ పొయ్యిలో నిప్పుల మీద కాల్చి, ఉప్పు అద్ది, కూర ఉడికేలోపు పిల్లలకు చేతిలో పెట్టేది. ఇంట్లో మనిషికి వచ్చేది ఒక్క ముక్కే. అది తిని ఎవరూ కడుపు నింపుకోలేదు, కానీ పండగంటే ఇప్పటికీ గుర్తొచ్చేది ఆ ముక్కే. లోపలి మాంసం ఎప్పుడూ కొద్దిగానే తిన్నాం. గిన్నెడు నల్ల ఎవరూ తినలేరు, తినకూడదు కూడా. అందుకే ఈ చిన్న ప్లేట్ల పద్ధతి బిర్యానీకి కుదరకపోవచ్చు కానీ కార్జానికి, నల్లకు, మూలుగకు సరిగ్గా సరిపోతుంది.

ఇక రేటు గురించి. బోటి కొనేది తక్కువకే, పనే ఎక్కువ. కత్తితో చీల్చి లోపలంతా కడగాలి, రాళ్ల ఉప్పు, పసుపు వేసి రుద్దాలి, వేడినీళ్లలో వేసి తీసి మళ్లీ రుద్దాలి, నీళ్లు తేటగా వచ్చేదాకా అదే పని. వజ్రీ (పొట్ట) అయితే సున్నం పెట్టి గీకాలి. తర్వాత అల్లం ఎల్లిగడ్డతో ఉడకబెట్టి, నీరంతా ఇంకాక నూనెలో గోలించాలి. మా ఇంట్లో బోటి రోజంటే నాకు పొద్దంతా అదే. ఇంట్లో ఆడవాళ్లు చేసే ఆ చాకిరీకి రేటు లేదు కాబట్టి చౌక అనిపిస్తుంది. హోటల్లో అదే పనికి ఒకరికి జీతం ఇవ్వాలి. 340 ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ ఆ కడిగిన చేతులకు కూడా ఎంతో కొంత వెల ఉంది.

నేనూ వెళ్లాను. బోటి శుభ్రంగా ఉంది, వాసన లేదు, అది చూసే నాకు వాళ్ల మీద గౌరవం కలిగింది. నల్ల మాత్రం కొంచెం ఎక్కువ సేపు వేయించారు, గట్టిపడింది. నల్లలో మెంతికూర వేసి తడి ఉండగానే దించాలి.


బార్ వెనక
ఆదివారం మధ్యాహ్నం 1:10

మాది హన్మకొండే, ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక బార్‌లో పనిచేస్తున్నాను. సుబేదారి అన్న అడిగిన పచ్చిపులుసు సంగతి చెప్తాను.

దాన్ని మా పనిలో మిల్క్ పంచ్ పద్ధతి అంటాం. చాలా పాతది, బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1763లో ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరంలో ఇలాంటి దాన్ని ఎలా చేయాలో రాసి పంపాడు. చింతపండు రసం, కాల్చిన మిర్చి, జీలకర్ర, బెల్లం, వోడ్కా కలిపి పెట్టుకుంటారు. వేరే పాత్రలో పాలు పోసి, ఆ పులుపు మిశ్రమాన్ని మెల్లగా పాలల్లోకి వంచుతారు. పాలు విరుగుతాయి. ఆ విరుగుడు చింతపండులోని వగరును, రంగును, నలకలను పట్టేసుకుంటుంది. తర్వాత గుడ్డలోనో ఫిల్టర్ కాగితంలోనో వడకడతారు. మొదట కారేది మబ్బుగా ఉంటుంది, దాన్ని మళ్లీ అదే విరుగుడు మీద పోయాలి. చుక్క చుక్కగా దిగుతుంది కాబట్టి రాత్రి పెడితే పొద్దునకి అవుతుంది. తొందరపడి గుడ్డను పిండితే మొత్తం పాడవుతుంది. చివరికి రంగు పోయి రుచి మిగులుతుంది, నాలుకకు నున్నగా తగులుతుంది.

ఒక జాగ్రత్త. చూడటానికి నీళ్లలా ఉన్నా అందులో పాల విరుగుడు నీరు ఉంటుంది. పాలు పడనివాళ్లు ముందే అడగాలి. మంచి బార్ అయితే వాళ్లే చెప్తారు.

అక్కడ నెయ్యి విస్కీ కూడా ఉందని విన్నాను. అది కరిగించిన నెయ్యిని విస్కీలో కలిపి, కొన్ని గంటలు ఉంచి, ఫ్రీజర్‌లో పెట్టడం. నెయ్యి పైన గడ్డకడుతుంది, దాన్ని తీసేసి వడకడితే నెయ్యి వాసన విస్కీలోనే ఉండిపోతుంది. న్యూయార్క్‌లో 2007 ప్రాంతంలో బేకన్ కొవ్వుతో ఇలా చేసిన ఒక కాక్‌టెయిల్‌తో ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది. తాటిబెల్లంతో కలిపితే చాలా బాగుంటుంది, నేనూ చేస్తాను.

కాజీపేట అన్నా, ప్లేట్లన్నీ ఒకేసారి రావడం తప్పే. కానీ మీరు కూడా ఆర్డర్ అంతా ఒక్కసారే చెప్పకండి. రెండు చెప్పండి, అవి తిన్నాక ఇంకో రెండు. నిప్పుల మీది వంట ఇలా అయితేనే వేడిగా అందుతుంది.


ఎనుమాముల
ఆదివారం మధ్యాహ్నం 3:25

మాకు మార్కెట్లో మిర్చి దుకాణం ఉంది. అక్కడి మెనూ ఫోటో చూశాను, 'చపాట మిర్చిలో బేజా' అని ఉంది, బేజా అంటే మేక మెదడు. చాలామంది పేరు చూసి కారం అనుకుని వదిలేస్తున్నారట, అందుకే రాస్తున్నాను.

చపాట కారం మిర్చి కాదు. కాయ పొట్టిగా లావుగా ఉంటుంది, దాన్ని టమాట మిర్చి అని కూడా అంటారు. కారం చాలా తక్కువ, రంగు మాత్రం ముదురు ఎరుపు. పచ్చళ్లలోకి, రంగు తీయడానికి కొంటారు. వరంగల్, హన్మకొండ, ములుగు, భూపాలపల్లి జిల్లాల్లో పండుతుంది. 2025లో వరంగల్ చపాట మిర్చికి జీఐ (ఆ ప్రాంతానికే చెందిన పంట అనే) గుర్తింపు వచ్చింది. కారం కావాలంటే తేజ రకం మిర్చి ఉంది, అది వేరే దారి.

ఎర్రగా పండిన చపాట కాయను కడుపు చీల్చి, గింజలు తీసి, వేయించిన బేజా కూరి కాలిస్తే తియ్యగా ఉంటుంది. పెద్దవాళ్లు, పిల్లలు కూడా తినొచ్చు. మన దగ్గర ఇన్నేళ్లుగా బస్తాల లెక్కన బయటికి పోయే కాయను ఒక వరంగల్ హోటల్ పేరు పెట్టి ప్లేట్లో పెట్టడం నాకు సంతోషంగా ఉంది. రైతుకు మంచి ధర రావాలంటే ముందు కాయ పేరు జనం నోట్లో పడాలి.


నక్కలగుట్ట శాకాహారి
ఆదివారం సాయంత్రం 6:02

మా స్నేహితులంతా మాంసాహారులు, వాళ్లతో వచ్చే శనివారం వెళ్లాలి. నాకు తినడానికి ఏమైనా ఉంటుందా? నిప్పులు, నూనె అన్నీ కలిపే వాడతారా?


సుబేదారి
ఆదివారం సాయంత్రం 6:40

ఉంటుంది అన్నా. మేం వెళ్లినప్పుడు శాకాహారం నాలుగు ప్లేట్లు ఉన్నాయి. నాకు అన్నిటికంటే గుర్తుండిపోయింది ఊసబియ్యం. లేత జొన్న కంకులను నిప్పుల్లో కాల్చి, నలిపి, గింజలు తీసి, అందులో పచ్చి కొబ్బరి, ఎల్లిగడ్డ కారం, నిమ్మరసం కలిపి మోదుగాకు దొన్నెలో ఇచ్చారు. పాలు ఇంకా ఆరని గింజలు, నములుతుంటే తీపి వస్తుంది. ఇది ఏడాదిలో కొన్నాళ్లే దొరుకుతుంది కాబట్టి మీరు వెళ్లినప్పుడు ఉంటుందో లేదో ఫోన్ చేసి అడగండి.

మక్కగారెలు కూడా బాగున్నాయి. బొబ్బర్ల గుడాలు కూడా ఉన్నాయి కానీ అవి నాకు మామూలుగా అనిపించాయి. కల్లు కంపౌండ్ దగ్గర గంపలో పెట్టుకుని అమ్మేవాళ్ల గుడాలే బాగుంటాయి.

నిప్పుల జల్లెడ ఒకటే ఉంది, అది నేను చూశాను. పట్టింపు ఉంటే కాల్చినవి వదిలేసి పెనం మీద చేసినవి అడగండి.


ఎంజీఎం రోడ్
ఆదివారం రాత్రి 9:15

నేను వైద్య రంగంలో ఉన్నాను. తినేవాళ్లను ఆపాలని కాదు, నేనూ ఇలాంటివి ఇష్టంగా తింటాను. రెండు సంగతులు తెలిసి ఉంటే మంచిది.

మొదటిది, పురుగులు. ఎర్రచీమలైనా, తొలకరికి వచ్చే ఉసిళ్లయినా, రొయ్యలు, పీతలు పడనివాళ్లు ముట్టుకోవద్దు. రొయ్యలో అలర్జీ తెచ్చే ప్రొటీన్ లాంటిదే పురుగుల్లోనూ ఉంటుంది. నోరు దురద, పెదాలు వాయడం, ఊపిరి ఆడకపోవడం, ఏది వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

రెండోది, పచ్చి చేప. ఈమధ్య నిమ్మరసంలో నానబెట్టిన చేప ముక్కలు చాలా చోట్ల పెడుతున్నారు. నిమ్మరసం పడితే చేప తెల్లబడి ఉడికినట్టు కనిపిస్తుంది, కానీ లోపలి పురుగులు చావవు. సముద్రపు చేపను బాగా కింది ఉష్ణోగ్రతలో గడ్డకట్టించి వాడితే ముప్పు తగ్గుతుంది. చెరువు చేపతో, ముఖ్యంగా కొర్రమీనుతో, ఈ పని ఎప్పుడూ చేయకూడదు. కొర్రమీను పచ్చిగా తినడం వల్ల చర్మం కింద, ఒక్కోసారి కంట్లో, మెదడులో పురుగు తిరిగే జబ్బు వస్తుంది. థాయిలాండ్ వైపు ఇది బాగా తెలిసిన సమస్య. మన రాష్ట్ర చేప కొర్రమీనే కదా అని ఎవరైనా కొత్తగా ప్రయత్నిస్తారేమోనని రాస్తున్నాను. ఈ రెస్టారెంట్‌లో ఏ చేప వాడుతున్నారో వెళ్లినవాళ్లు చెప్పాలి.


సుబేదారి
ఆదివారం రాత్రి 9:31

కొర్రమీను ఉంది డాక్టర్ గారూ, కానీ పూర్తిగా కాల్చిందే. పసుపు, ఉప్పు పట్టించి ఆకులో చుట్టి నిప్పుల్లో పెట్టారు. పచ్చి చేప ఏదీ మెనూలో కనిపించలేదు.


ఉట్నూరు ఏజెన్సీ
సోమవారం ఉదయం 10:05

ఇక్కడ ఎవరూ రాయలేదు కానీ వాళ్ల మెనూలో ఇప్పపువ్వు కాక్‌టెయిల్ ఉంది. రమ్, నిమ్మ, ఇప్పపువ్వు పాకం. నేను పని మీద వరంగల్ వచ్చినప్పుడు తాగాను. దాని గురించి నాకు చెప్పాలని ఉంది.

ఇప్పపువ్వు మార్చి, ఏప్రిల్‌లో రాలుతుంది. రాత్రంతా రాలి తెల్లారేసరికి చెట్టు కింద పరుచుకుని ఉంటుంది. చీకటి ఉండగానే గంపలు పట్టుకుని ఆడవాళ్లు, పిల్లలు వెళ్తారు. ఎండెక్కితే పశువులు తింటాయి, పువ్వు కూడా వడలిపోతుంది. ఒక్కొక్క పువ్వూ వంగి ఏరాలి. తెచ్చి ఎండబెడితే ఎండుద్రాక్ష రంగుకు వస్తుంది. మా ఇళ్లలో దాన్ని ఉడకబెట్టుకుని తింటాం, రొట్టెల్లో కలుపుతాం, కాయల నుంచి నూనె తీస్తాం. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు, బెల్లం, పల్లీలు, నువ్వులు కలిపి. బయటివాళ్లకు మాత్రం ఇప్ప అంటే సారా ఒక్కటే గుర్తుంటుంది.

ఆ కాక్‌టెయిల్ నాకు నచ్చింది. పువ్వు వాసనను చంపలేదు. ఎండిన ఇప్పపువ్వుకు ఒక మగ్గిన వాసన ఉంటుంది, మొదటిసారి తాగేవాళ్లకు కొంచెం ఎక్కువ అనిపిస్తుంది. దాన్ని దాచకుండా నిమ్మతో సరిచేశారు. గ్లాసు పక్కన నాలుగు వేయించిన పువ్వులు కూడా పెట్టారు.

నేను అక్కడి అబ్బాయిని అడిగాను, పువ్వు ఎక్కడిదని. మధ్యవర్తి దగ్గర కొంటున్నామని చెప్పాడు. ఒక గ్లాసుకు 450 తీసుకుంటున్నప్పుడు, నేరుగా సంఘాల దగ్గర కొంటే ఏరినవాళ్ల చేతికి నాలుగు డబ్బులు వస్తాయి. ఈ మాట అతనితో చెప్పాను, నంబర్ కూడా ఇచ్చి వచ్చాను. మెనూలో 'ఆదిలాబాద్ అడవి ఇప్పపువ్వు' అని గొప్పగా రాసుకున్నారు. ఆ పేరు రాసుకున్నాక ఆ అడవి మనుషులతో సంబంధం కూడా పెట్టుకోవాలి.


కాజీపేట జంక్షన్
సోమవారం మధ్యాహ్నం 12:20

ఉట్నూరు అన్న చెప్పిందే నా బాధ కూడా. మోదుగాకు అక్కా, మీ పోగుల సంగతి చదివాక కార్జం విషయంలో మీరు చెప్పింది సరైనదే అనిపించింది. మా తాత కూడా అట్లనే కాల్చి పెట్టేవాడు. కానీ పోగులో వాటా ఊరందరికీ ఉండేది. ఇక్కడ 7 వేలు ఉన్నవాళ్లకే. మా ఆటో స్టాండ్ దగ్గర ఉన్నవాళ్లు ఎవరూ ఆ గడప తొక్కలేరు, వాళ్ల ఇంటి కూరే లోపల ఉన్నా సరే. పగలు తక్కువ రేటుకు రొట్టె, బోటి, పచ్చిపులుసు పెడితే నేను రోజూ వెళ్తాను. కాక్‌టెయిల్స్ రాత్రికి అమ్ముకోమనండి.

అదే ఇప్పసారాతో చేస్తే రుచి ఇంకా బాగుండేది కదా, ఎందుకు చేయరు?


బార్ వెనక
సోమవారం మధ్యాహ్నం 2:45

చేయలేరు అన్నా. మన దగ్గర బార్ లైసెన్స్ ఉన్నవాళ్లు సర్కారు బెవరేజెస్ కార్పొరేషన్ నుంచి వచ్చిన మందే వాడాలి. కల్లుకు లైసెన్స్ వేరు, అది గీత కార్మికులది. అందుకే బార్‌లో కల్లు కాక్‌టెయిల్ మీకు కనిపించదు, కావాలంటే నీరా (చెట్టు నుంచి దించిన, ఇంకా పులవని తీపి నీరు), తాటిబెల్లం వాడుకుంటాం. నీరాను తెల్లవారకముందే దించి, పులవకుండా చల్లగా ఉంచాలి, వేడి తగిలితే కల్లయిపోతుంది. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో సర్కారు నీరా కేఫ్ పెట్టింది. మధ్యప్రదేశ్‌లో ఆదివాసీ సంఘాలు తీసిన ఇప్పసారాను హెరిటేజ్ లిక్కర్‌గా అమ్ముకోనిస్తున్నారు. ఇక్కడా అలాంటిది వస్తే ముందుగా సంతోషించేది మాలాంటి బార్‌వాళ్లమే.

పగటి మెనూ మాట మంచిది. నేను వాళ్లకు తెలిసినవాళ్ల ద్వారా చేరవేస్తాను.


నిర్వాహకులు
సోమవారం మధ్యాహ్నం 3:00

సారా తయారీ గురించి వచ్చిన రెండు పోస్టులు తీసేశాం. రుచులు, రెస్టారెంట్ గురించి చర్చ కొనసాగించండి. మన రాష్ట్రంలో మందు తాగడానికి 21 ఏళ్లు నిండాలి, కాలేజీ విద్యార్థులు గమనించగలరు.


ఓరుగల్లు కోట
సోమవారం రాత్రి 8:50

రేటు మీద ఇంత మాట నడిచింది కాబట్టి ఒకటి గుర్తు చేస్తాను. క్రీడాభిరామం అనే పాత తెలుగు కావ్యంలో కాకతీయుల నాటి ఓరుగల్లు పూటకూళ్ల ఇంటి వర్ణన ఉంది. రూక ఇస్తే సన్నన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డ పెరుగు పెట్టేవారట. డబ్బు పుచ్చుకుని రకరకాలు కొద్దికొద్దిగా వడ్డించడం ఈ ఊరికి సుమారు ఏడు వందల ఏళ్ల కిందటే తెలుసు. కాకపోతే ఆ పూటకూళ్ల ఇంట్లో కడుపు నిండేది, అక్కడ కాజీపేట తమ్ముడి మాటే చెల్లుతుంది.

లండన్‌లో సెయింట్ జాన్ అనే హోటల్ 1994 నుంచి కాల్చిన మూలుగ బొక్కను రొట్టెతో, కొత్తిమీర లాంటి ఆకుతో పెడుతోంది. ప్రపంచంలో పేరున్న వంటవాళ్లు దాని కోసం వెళ్తారు. మన దగ్గర రొట్టె, మూలుగ, చింతచిగురు మూడూ ముందు నుంచీ ఉన్నాయి. వాటిని ఒక ప్లేట్లోకి తెచ్చినవాళ్లు హన్మకొండలో ఉన్నారంటే నాకు గర్వంగా ఉంది. నేను ఇంకా వెళ్లలేదు, ఈ వారం వెళ్తాను.


జగిత్యాల
మంగళవారం ఉదయం 9:40

చర్చ మొత్తం చదివాను. మా అమ్మానాన్నల పెళ్లిరోజు ఉంది. నాన్నకు 68, షుగర్ ఉంది, మందు తాగరు. అమ్మ కొత్తవి ఏవైనా రుచి చూస్తుంది. ఆరుగురం జగిత్యాల నుంచి కారులో వస్తాం. వాళ్లను అక్కడికి తీసుకురావచ్చా? ఏం చెప్పాలి, ఎట్లా చెప్పాలి? టెన్షన్ లేకుండా కూర్చోగలిగే చోటేనా?


మోదుగాకు
మంగళవారం ఉదయం 11:15

తీసుకురా తమ్మీ. రాత్రి ఏడింటికే రండి, ఎనిమిదిన్నర దాటాక పాటల సౌండ్ పెంచుతారు, పెద్దవాళ్లకు మాట వినపడదు. పెరట్లో వేపచెట్టు కింద బల్ల కావాలని ఫోన్లోనే చెప్పి పెట్టుకో. లోపలి కుర్చీలకు వెనక ఆనుకోవడానికి ఏమీ లేదు, నాన్నగారికి నడుం నొప్పి వస్తుంది.

ఆరుగురికి ఒక్కో రకం రెండేసి ప్లేట్లు చెప్పండి, లేకపోతే మూడు ముక్కలు ఎవరికీ రావు. ముందు కాల్చిన కొర్రమీను, చపాట బేజా. అవి అయ్యాక మూలుగ బొక్క, రాగానే తినేయండి. నాన్నగారికి మూలుగ ఒక్క చెంచా చాలు. జొన్నరొట్టె ఎక్కువ అడగండి, విడిగా ఇస్తారు, అదే ఆయనకు కడుపు నింపుతుంది. అమ్మగారికి ఎర్రచీమల చట్నీ పెట్టే ముందు రొయ్యలు పడతాయో లేదో అడుగు, ఆ డాక్టర్ గారు చెప్పింది గుర్తుంచుకో. చివర్లో నువ్వుల ఐస్‌క్రీం మీద సకినాలు నలిపి వేసి ఇస్తారు, అది ఒక్కటి తెప్పించి అందరూ తలా ఒక చెంచా తీసుకోండి.


బార్ వెనక
మంగళవారం మధ్యాహ్నం 12:05

అక్క చెప్పినదానికి తాగే సంగతి కలుపుతాను. నాన్నగారికి పుంటికూర షర్బత్ బెల్లం లేకుండా చేయమనండి, ఉప్పు, జీలకర్రతో ఇస్తారు. నీరా ఆరోగ్యానికి మంచిదని ఎవరైనా చెప్పినా అందులో చక్కెర ఉంటుంది, షుగర్ ఉన్నవాళ్లకు వద్దు.

కాక్‌టెయిల్స్ తాగేవాళ్లు పచ్చిపులుసుతో మొదలుపెట్టి, నెయ్యి విస్కీని చివరికి ఉంచుకోండి. ముందు అది తాగితే ఆ తర్వాత ఏ రుచీ నాలుకకు ఆనదు. మన విస్కీ, వోడ్కా చాలావరకు 42.8 శాతం ఆల్కహాల్. కాక్‌టెయిల్లో పులుపు, తీపి వల్ల ఆ ఘాటు తెలియదు కాబట్టి రెండు గ్లాసులు తాగినా ఏమీ ఎక్కలేదనే అనిపిస్తుంది. బండి నడిపేవాళ్లకు వంద మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. జగిత్యాల దాకా రాత్రి ప్రయాణం. కారు నడిపేవాళ్లు పుంటికూర షర్బత్ మీదే ఉండాలి, లేదా ఆ రాత్రికి హన్మకొండలోనే రూమ్ తీసుకోండి.


జగిత్యాల
మంగళవారం మధ్యాహ్నం 12:48

చాలా థ్యాంక్స్ అక్కా, అన్నా. బల్ల బుక్ చేశాను, వేపచెట్టు కిందే ఇచ్చారు. కారు మా చెల్లె నడుపుతుంది, తను తాగదు. ఊసబియ్యం ఈ వారం ఉందట, శాకాహారి అన్నకు కూడా చెప్పండి.